జేబుల నోళ్లు

తమ్ముడికి రెండు జబ్బులు. ఒకటి తాగుడు, రెండోది ఎవరూ లేకుండానే చెవుల్లో మాటలు వినబడటం. రెండింటికీ కలిపే వైద్యం జరగాలని డాక్టరు మొత్తుకున్నాడు. మాకెక్కితేగా! మా కళ్లకు సీసా ఒక్కటే కనబడేది. మత్తు ముట్టనని అమ్మ తల మీద ఒట్టేశాక వాడు నిజంగానే తాగుడు మానేశాడు. ఇల్లంతా పొంగిపోయింది.

ఇవాళ వాడి కుట్టు దుకాణానికి వెళితే, ఇవ్వాల్సిన చొక్కాల జేబుల నోళ్లన్నీ మూసి కుట్టేస్తున్నాడు.

"ఏంట్రా ఇది?"

"లోపల్నుంచి తిడుతున్నారక్కా."

"డాక్టరిచ్చిన మాత్రలేవిరా?"

"అవీ మత్తుగానే ఉంటాయిగా. ఒట్టేసిన రోజే పారేశాను."

వాడి చేతులు ఏమాత్రం వణకడం లేదు. మెచ్చుకోమన్నట్టు నా మొహంలోకి చూశాడు.

"అన్నీ మానేశానక్కా. అయినా తిడుతున్నారు. ఇంకేం మానెయ్యమంటావు?"