నా కడుపులో నిలిచిన నీళ్లు

నేను ఒక వాషింగ్ మిషన్ని. ముందువైపు గుండ్రటి గాజు తలుపు, పక్కనే ఆరు మీటలు, ఒంటి మీద అక్కడక్కడా గీతలు. ఉతకడానికే పుట్టాను గానీ, ఈ ఇంట్లో నాకు ఇంకో పని కూడా పడింది. ఒక పిల్ల రహస్యం దాచడం.

నేను తయారైన ఫ్యాక్టరీ గురించి నాకు పెద్దగా గుర్తులేదు. ఒకాయన నా డ్రమ్ము తిప్పి, చెవి ఆనించి విని, బాగుందన్నట్టు వీపు మీద తట్టాడు. ఆ తర్వాత నన్ను అంత శ్రద్ధగా విన్నవాళ్లు లేరు. విజయనగరంలో ఒక షాపులో ఐదు నెలలు నిలబడ్డాను. వచ్చినవాళ్లంతా తలుపు తెరిచి లోపల తలపెట్టి చూసేవాళ్లు. ఏం కనిపిస్తుందనుకునేవాళ్లో! మొదట నన్ను కొన్నది ఒక బ్యాంకు ఉద్యోగి. రెండేళ్లు ఆయన చొక్కాలు ఉతికాను. ఆయన బదిలీ అయి వెళ్తూ నన్నూ, నాతో వచ్చిన చిన్న పుస్తకాన్నీ నీలవేణికి అమ్మేశాడు.

నీలవేణి బస్సు కండక్టరు. పార్వతీపురం నుంచి బదిలీ మీద విజయనగరం వచ్చి, ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో అద్దెకు దిగింది. భర్త లారీ మీద రాయపూర్ వైపు వెళ్తే ఇరవై రోజులకు గానీ ఇంటికి రాడు. కూతురు లాస్యకి తొమ్మిదేళ్లు. పార్వతీపురంలో అమ్మమ్మని పట్టుకుని పడుకునేది. కొత్త ఊరు, కొత్త బడి, పక్కన అమ్మమ్మ లేదు. వచ్చిన వారానికే పిల్ల పక్క తడపడం మొదలుపెట్టింది.

నీలవేణి కోప్పడేది కాదు. పొద్దున్నే దుప్పటి తీసి నాలో వేసి, మీట నొక్కి, జడ వేసుకోవడానికి వెళ్లేది. నేను ఉతికి, గిరగిరా తిప్పి, సగం ఆరినట్టు చేసి ఇచ్చేదాన్ని. దాన్ని లోపలి గదిలో ఫ్యాను కింద ఆరేసేది. మేడ మీద తాడుంది. కానీ అక్కడికి కింది ఫ్లాటు రత్నమాల గారు కూడా వస్తారు. రోజూ ఈ దుప్పటేమిటని అడక్కుండా ఉండలేరావిడ.

జూలైలో ఒక సోమవారం ఉతకడం అయిపోయి నీళ్లు బయటికి నెట్టబోయాను. పోలేదు. మళ్లీ నెట్టాను. కింద మూలన, అరచేతంత మూత వెనక ఏదో అడ్డం పడింది. నాకు తెలుస్తూనే ఉంది. కానీ నాకున్న భాష ఒక్క ఎర్ర దీపమే. అది మినుకుమినుకుమంది. తలుపు బిగుసుకుపోయింది. కడుపులో నీళ్లు, నీళ్లలో దుప్పటి.

నీలవేణి ఫోన్ చేస్తే టెక్నీషియన్ భానోజీ, "రేపు పొద్దున్నే వచ్చేస్తాను మేడమ్" అన్నాడు. ఆమె డ్యూటీ మార్చుకుని కూర్చుంది. అతను రాలేదు. నాలుగో రోజు వచ్చాడు. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ నొక్కిపెట్టి, ఎవరితోనో ఫ్రిజ్ గురించి మాట్లాడుతూనే నా వీపు విప్పాడు. నన్ను వంచి, గొట్టం నేలమీద పెట్టి నీళ్లు చుక్కచుక్కగా వదిలించాడు. "సర్క్యూట్ బోర్డు పోయింది మేడమ్" అన్నాడు. నా బోర్డు నిక్షేపంలా ఉంది! అరవాలనిపించింది. దీపం వెలిగించాను. "చూశారా, ఇదే బోర్డు ప్రాబ్లమ్" అన్నాడు.

బోర్డు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అన్నాళ్లూ నీలవేణి డ్యూటీకి వెళ్లేముందు బాత్రూమ్‌లో చేత్తో ఉతికి పిండేది. వానాకాలం. ఇంట్లో ఏదీ ఆరదు. ముక్కిపోయిన వాసన. లాస్య తల్లి చేతుల వంక చూసేది, నా వంక చూసేది. సాయంత్రం బడి నుంచి రాగానే నీళ్ల సీసా మూత తీసి, ఒక్క గుక్కయినా తాగకుండా సింకులో ఒంపేసేది. ఎండిన పెదాలతోనే పడుకునేది. తల్లి గమనించలేదు. నేను చూస్తూ నిలబడ్డాను. అంత బరువున్న దాన్ని, ఒక్క అంగుళం కదల్లేకపోయాను.

భానోజీ కొత్త బోర్డు బిగించి, నన్ను ఖాళీగా రెండు నిమిషాలు తిప్పి, "సూపర్" అన్నాడు. ఆఫీసుకి పంపడానికి నన్ను ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు మొదటి దుప్పటికే మళ్లీ ఆగిపోయాను.

మూడోసారి అతనొచ్చిన రోజు నీలవేణికి సెలవు. తన మిక్సీ కూడా చూపిద్దామని రత్నమాల గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. భానోజీ మళ్లీ గొట్టం నేలమీద పెట్టి నీళ్లు వదిలించి, నాలోంచి తడి దుప్పటి లాగి పైకెత్తి చూశాడు.

"ఏటి మేడమ్, ఎప్పుడొచ్చినా దుప్పట్లేనా? పిల్ల పక్క తడిపేస్తందేటి? రోజూ ఇంత బరువు వేస్తే మోటారు ఉంటదా? మోటారు మార్చాల."

లాస్య కర్టెన్ వెనక్కి వెళ్లిపోయింది. కర్టెన్ కింద రెండు పాదాలు కనబడుతున్నాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

"రత్నమాల గారూ, మళ్లీ మాట్లాడదాం" అని నీలవేణి మెల్లగా తలుపు వేసింది. బస్సులో అరవై మందిని ఒక్క కేకతో సర్దే మనిషి. ఇప్పుడు గొంతు పెంచలేదు.

"మూడు వారాల నుంచి తిప్పుతున్నారు నన్ను. మిషన్‌కేమయిందో చెప్పమంటే నా పిల్లకేమయిందో చెప్తున్నారు. ఇది నా కళ్లముందు ఒక దుప్పటి ఉతికి నీళ్లు వదిలేదాకా మీరు ఈ గడప దాటరు."

స్టూలు లాగి తలుపుకి అడ్డంగా కూర్చుంది.

"ఇంకా ఆరిళ్లున్నాయి మేడమ్. పొద్దుట్నించి టిఫిన్ కూడా తిన్లేదు. ఏదో ఒకటి మార్చేసి బేగి కదలమంటారు మావోళ్లు..."

"ఉప్మా ఉంది. పెడతాను. ముందు చూడండి."

అప్పుడు లాస్య కర్టెన్ వెనకనుంచి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో నాతో వచ్చిన చిన్న పుస్తకం.

"అంకుల్, నీళ్లు పోకపోతే ముందు ఈ మూత తియ్యమని ఉంది ఇందులో."

"అది ఫిల్టరమ్మా. దాంతో ఏటవదు."

"తియ్యండి" అంది నీలవేణి.

భానోజీ మొదటిసారి నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. బేసిను పెట్టి మూత తిప్పాడు. అడుగున మిగిలిన నల్లటి నీళ్లు బుస్సున దూకాయి. వాటితోపాటు బూడిదరంగు ముద్దొకటి, రెండు రబ్బరు బ్యాండ్లు, ఒక పెన్ను మూత. నీలవేణి ముద్దను వేళ్లతో విప్పింది. నానిపోయిన బస్సు టికెట్లు. ఆమె చూపు కొక్కేనికి వేలాడుతున్న ఖాకీ చొక్కా మీదికి వెళ్లింది.

"ఇవి నావే. నా జేబుల్లోవే" అంది.

"దుప్పట్ల వల్ల కాదా అమ్మా?"

"కాదు తల్లీ. నా వల్ల."

లాస్య పుస్తకం మూసి అడిగింది. "అయితే సాయంత్రం నీళ్లు తాగొచ్చా?"

నీలవేణికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తడిచేతులతోనే పిల్లని దగ్గరకి లాక్కుంది. ఆ టికెట్ల ముద్ద ఇంకా పిడికిట్లోనే ఉంది. భానోజీ తల దించుకుని బేసినులోకి చూస్తూ, "మొదటి రోజే చూడాల్సింది. తప్పు నాదేనమ్మా" అన్నాడు. తల్లితో కాదు, పిల్లతో అన్నాడు. కొత్తది విప్పేసి, తన సంచిలో ఉన్న నా పాత బోర్డే తిరిగి బిగించి, నేను దుప్పటి ఉతికి నీళ్లన్నీ వదిలేదాకా కూర్చుని, ఉప్మా తిని వెళ్లాడు.

కథ అక్కడితో సర్దుకుందని చెప్పను. లాస్య ఇంకా కొన్నాళ్లు పక్క తడుపుతూనే ఉంది. నీలవేణి మాత్రం దుప్పటి మేడమీదే ఆరేయడం మొదలుపెట్టింది. మొదటి రోజు రత్నమాల గారు ఏదో అడగబోయి, ఆగి, తన చీరలు పక్కకి జరిపి తాడు మీద చోటిచ్చారట.

దసరా సెలవుల తర్వాత ఒకరోజు పొద్దున నాలో ఎవరూ ఏమీ వేయలేదు. మర్నాడూ అంతే. మళ్లీ పాడయ్యానేమో, నన్నెవరికైనా ఇచ్చేస్తారేమో అని నాలో నేనే కొట్టుకున్నాను. మూడో రోజు పొద్దున లాస్య బడి బట్టల్లో వచ్చి, నా గాజుకి ముక్కు ఆనించి, ఖాళీ డ్రమ్ములోకి చాలాసేపు చూసింది.

"అమ్మా," అని వంటింట్లోకి కేకేసింది, "ఇవాళ కూడా దీనికి సెలవే!"