పరిషత్తు సంతకాల పుస్తకంలో ఒక ఖాళీ గడి

నేను ఒక పుస్తకాన్ని. అయితే ఇంతవరకు నన్ను చదివినవాళ్లు లేరు, నా మీద సంతకం పెట్టి పోయినవాళ్లే అందరూ. నాలో కథ లేదు, పద్యం లేదు. ఎడమ గడిలో పేరు, కుడి గడిలో సంతకం, అంతే.

అవి ఆషామాషీ పేర్లనుకునేరు. ప్రతిభా పరిషత్తు అని ఒక సంఘం, దానికి మా విశ్వవిద్యాలయంలో ఒక శాఖ. దరఖాస్తు పెట్టుకుంటే అందులో చేర్చుకోరు, సిఫారసు తెస్తే అసలే చేర్చుకోరు. చదువులో ముందున్న నలభైమందిని ఏటా ఏరి, పరిషత్తే ఉత్తరం రాసి పిలుస్తుంది. పిలుపు అందుకున్నవాడు పదిహేను రోజుల్లో జవాబివ్వాలి, ఆపైన వేదికెక్కి నాలో సంతకం చేయాలి. అప్పటినుంచి చచ్చేదాకా సభ్యుడే. చచ్చినా తీసేసే నిబంధన లేదు. నా ముందు నిలబడి ఎంతెంత బుర్రలు వణికాయో మీకేం తెలుసు. ఒక భౌతికశాస్త్రం కుర్రాడైతే తన పేరే మరిచిపోయి, ఎడమ గడిలో చూసి రాసుకున్నాడు.

నన్ను తయారుచేసినవాడు ఇజ్జాడ అప్పలసూరి, గ్రంథాలయంలో బైండింగు పనివాడు. నా అట్టకు తోలిచ్చిన మేక ఒక పల్లెబడిలో మూడేళ్ల హాజరుపట్టీలూ పిల్లల పరీక్ష కాగితాలూ మేసిందని, కనుక అది చదువుకున్న తోలని అతను అందరికీ చెప్పేవాడు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలతుత్తం కలిపి అతను జిగురు కాస్తే, దాన్ని ఊడదీయబోయిన గుమస్తాకు రెండు గోళ్లు పోయాయట. ఈ మాటా అప్పలసూరే చెప్పాడు. సగం నమ్మండి.

అతనికి అక్షరం ముక్క రాదు. పుటకు తల ఎటో తోక ఎటో వాసన చూసి చెబుతాననేవాడు. పుస్తకం నిటారుగా నిలవాలంటే వెన్ను లోపల కాగితం పట్టీలు అతికించాలి. అందుకని ఆఫీసుల్లో పనికిరాని కాగితమల్లా అతని బల్ల మీదికి వచ్చి పడేది.

భార్య పోయాక అప్పలసూరి కూతురుతో ఆ బైండింగు గది వెనకే కాపురముండేవాడు. కూతురి పేరు కనకరత్నం. జిగురు గిన్నె పక్కన కూర్చుని ఎక్కాలు నేర్చిన ఆ పిల్ల గణితం ఎమ్మేలో చేరి, మొదటి ఏడాది పరీక్షల్లో అందరికంటే పైన నిలిచింది. ఆ ఏడు అప్పలసూరి నన్ను దులిపినప్పుడల్లా, "నా కూతురు నీ మీద సంతకం ఎట్టీదాకా సిరక్కుండా ఉండవే ముసిల్దానా" అనేవాడు. నాకప్పటికి పన్నెండేళ్లు. ముసలితనం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు.

సంతకాల సభకు నెల ముందు నా వెన్ను వదులైందని పరిషత్తు కార్యదర్శి చామర్తి విశ్వపతి గారు నన్ను అతని దగ్గరికి పంపారు. అదే వారంలో ఆఫీసు బంట్రోతు కవరు లేని ఒక ఉత్తరం తెచ్చి, గదిలో ఎవరూ లేకపోతే బల్ల మీద కాగితాల కుప్పలో పెట్టి పోయాడు. మందంగా, మీగడ రంగులో, మూలన దీపం బొమ్మతో ఉన్న కాగితం. అప్పలసూరి వచ్చి దాన్ని వేళ్ల మధ్య రుద్ది చూశాడు. "ఎంత మంచి కాయితం పారేసినారో సూడు" అని మురిసి, మామూలు పుస్తకాలకు వాడడానికి మనసొప్పక నాకోసం అట్టేపెట్టాడు. అంచులు కోసి, మూడు పట్టీలు చేసి, నా వెన్నులో అతికించాడు.

అది కనకరత్నానికి వచ్చిన పిలుపు. నా వెన్నులోనే ఉంది, నాకు నోరు లేదు.

పరిషత్తు పేర్లు సభదాకా బయటపెట్టరు. ఆ పిల్ల పదిహేను రోజులు ఎదురుచూసి, రాలేదులే అనుకుంది. సభనాడు నన్ను వేదిక మీదికి మోసుకొచ్చినవాడు అప్పలసూరే. ఒప్పుకున్నవాళ్ల పేర్లే చదువుతారు కదా, ముప్పై తొమ్మిది పేర్లు చదివారు. నలభయ్యో పేరు కోసం అతను తలుపు దగ్గర నిలబడే ఉన్నాడు. జనం టీలకు లేచిపోయాక కూడా నిలబడే ఉన్నాడు.

నాలుగో రోజున విశ్వపతి గారు గ్రంథాలయంలో కనకరత్నాన్ని చూసి ఆగారు.

"ఏమ్మా, పరిషత్తు నీకు ఆనలేదా? వద్దంటే వద్దని ఒక ముక్క రాయాలి కదా."

"నన్ను పిలవలేదు కదండీ."

"మీగడ రంగు కాగితం మీద, దీపం బొమ్మతో, నేనే సంతకం చేసి పంపాను."

పక్కనే పుస్తకాలు సర్దుతున్న అప్పలసూరి పని వదిలి వాళ్ల దగ్గరికి వచ్చాడు. "నానే మింగీసినాను బాబూ" అన్నాడు. ఎంతసేపటికో గాని అతను చెప్పేదేమిటో వాళ్లకు అర్థం కాలేదు.

విశ్వపతి గారు చెడ్డవారు కాదు, నిబంధనల మనిషి. అప్పటికే ఆమె పేరుకు ఎదురుగా కుడి గడిలో పెన్సిలుతో 'అంగీకరించలేదు' అని రాసి ఉంచారు. "ఉత్తరం బయటికి తీసి చూపించు. ఆమె పేరు కనిపిస్తే ఇది చెరిపి సంతకం పెట్టిస్తాను" అన్నారు.

అప్పలసూరి నన్ను బల్ల మీద బోర్లా వేసి, తడిగుడ్డ కప్పి, కత్తి తీశాడు. ఇరవయ్యేళ్లుగా ఊడని జిగురు కాచినందుకు అందరూ మెచ్చుకున్న మనిషి ఆరోజు తన జిగురునే తిట్టుకున్నాడు. కాగితం పొరలు పొరలుగా లేచింది. సగం దీపం వచ్చింది. 'సంతోషిస్తున్నాము' అనే మాట వచ్చింది. పేరున్న అంచు రాలేదు. అది కోసేసిన అంచు, ఏనాడో పొయ్యిలోకి పోయింది.

విశ్వపతి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇలాంటివి నలభై పంపాం, అప్పలసూరీ. ఇది ఆమెదేనని నాకూ తెలుసు. కాని పుస్తకానికి ఏమని చెప్పను?" అన్నారు. నోరు లేకపోయినా, నన్నడిగి ఉంటే ఎలాగో చెప్పేదాన్ని. అడిగే అలవాటు మనుషులకు లేదు. ఆయన పెన్సిలు రాత మీద ఎర్రసిరా దిద్ది వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం అప్పలసూరి తలుపు దగ్గరకు వేసి, కూతురి ముందు నన్ను తెరిచాడు.

"ఎవులూ లేరు తల్లీ. ఆ రాత పక్కన రవ్వంత సోటుంది. ఎట్టీయ్."

"పిలిచి పెట్టమంటే పెట్టే సంతకం నాన్నా అది. దొంగచాటుగా పెడితే నాది ఎలా అవుతుంది?"

"నాకోసమైనా ఎట్టవా?"

"నీకోసమైతే ఇంకా పెట్టను. లే, పొద్దుపోతోంది. దాని వెన్ను కుట్టెయ్."

అతను కుట్టాడు. మూడు కుట్లు వంకరగా పడ్డాయి. అప్పలసూరి చేతిలో వంకర కుట్టు చూడడం నాకదే మొదలు.

అప్పటినుంచి అతను ఏ కాగితమైనా ఎవరిచేతనైనా చదివించుకున్నాకే జిగురు రాసేవాడు. పాత ప్రశ్నపత్రమైనా, కిరాణా పొట్లమైనా పట్టుకుని వరండాలోకి వచ్చేవాడు. "ఇదేటో సూడండి బాబూ, ఎవులిదైనా పేరుందేటో." రోజుకు ఇరవై పుస్తకాలు కట్టే మనిషి నాలుగు కట్టేవాడు. కుర్రాళ్లు ఆటపట్టించడానికి పప్పుల పొట్లం చదివి, "మావా, నీకు కలెక్టరు ఉద్యోగం వచ్చింది" అనేవారు. అతను నవ్వేవాడు. నవ్వి, ఇంకొకరిచేత మళ్లీ చదివించుకునేవాడు.

కనకరత్నం పక్క పట్నంలో జూనియర్ కాలేజీలో లెక్కల పాఠాలు చెప్పుకుంటూ బతికింది. నన్ను చూడడానికి ఎన్నడూ రాలేదు.

ఉద్యోగం విరమించిన రోజున అప్పలసూరి పింఛను కాగితాల పని ముగించుకుని, తిన్నగా నేనున్న అలమర దగ్గరికి వచ్చాడు. చదువు రాకపోయినా పుటలు లెక్కపెట్టుకుంటూ ముప్పై ఏడో పుటకు వెళ్లాడు. పైనుంచి పదకొండో వరుస దగ్గర ఆగాడు. పింఛను కాగితాల మీద వేసిన వేలిముద్రల సిరా ఇంకా బొటనవేలి మీద తడిగానే ఉంది. ఎర్ర రాత పక్కన మిగిలిన రవ్వంత చోటులో ఆ వేలిని గట్టిగా ఆనించి, చాలాసేపు అలాగే ఉంచాడు. మేక కథ చెప్పినట్టు ఇది పెంచి చెప్పడం లేదు. సిరా ఆరిందో లేదో ఊది చూసుకుని, నన్ను మూసి వెళ్లిపోయాడు.

తరవాత వచ్చిన కార్యదర్శి ఒకాయన అది మరకనుకుని రబ్బరుతో రుద్దాడు. పోలేదు.

ఇప్పుడు పరిషత్తులో చేరేవాళ్లంతా కంప్యూటర్లోనే ఒప్పుకుంటున్నారు. నన్ను పరిపాలనా భవనంలో అద్దాల పెట్టెలో పెట్టి, వ్యవస్థాపకుల సంతకాలున్న మొదటి పుట తెరిచి తాళం వేశారు. వచ్చినవాళ్లు ఆ సంతకాలు చూసి, ఫొటో తీసుకుని పోతారు. పుట తిప్పడానికి ఎవరికీ వీల్లేదు.