ఉంగరం మొలిచిన చేతులు

పెళ్లయిన పద్దెనిమిదో రోజున మళ్లీ ఆఫీసుకి వెళ్లాను. మా పని వినడానికి తేలికే. ఫొటోలో చెయ్యి కనిపిస్తే దాని అంచు వెంట మౌసుతో చుక్కలు పెట్టుకుంటూ పోవాలి. అలాంటివి వేలకొద్దీ చూసి కంప్యూటరు చెయ్యి గీయడం నేర్చుకుంటుంది. వాచీలు, ఉంగరాలు గీత బయటే ఉండాలని రూలు. ఆ వారం మాత్రం నేను ఉంగరాలన్నీ వేళ్లలో కలిపేశాను. కావాలని కాదు. మౌసు కదిపినప్పుడల్లా నా కొత్త ఉంగరం మెరుస్తుంటే, అది వేలు కాదంటే మనసొప్పలేదు కాబోలు.

మూడు నెలలకి, ఆ ఫొటోల పని మాకిచ్చిన చిత్రకారిణి ఆఫీసుకొచ్చింది. కంప్యూటరు చేత గీయించిన బొమ్మలు బల్ల మీద పరిచింది. పిండి పిసికే చేతులు, తాడు లాగే చేతులు. అన్నిటికీ ఉంగరాలే. తొడిగినట్టు లేవు, చర్మంలోంచి మొలిచినట్టున్నాయి. పసివాడి బొటనవేలికి కూడా.

మా సూపర్‌వైజరు మొహం పాలిపోయింది. "మళ్లీ చేయించి ఇస్తాం మేడమ్. చేసిందెవరో కనుక్కుని తీసేస్తాం."

"తీసేయడానికి కాదండీ. ప్రదర్శనలో ఈ బొమ్మల కింద, గోడ మీద నా పేరు పక్కన రాయడానికి అడుగుతున్నా."

"ఇక్కడ పేర్లుండవు మేడమ్. సీటు నంబర్లే."

ఆయనకి తప్పు చేసినవాళ్లు కావాలి, ఆవిడకి బొమ్మ చేసినవాళ్లు కావాలి. ఇద్దరూ వెతుకుతున్నది నన్నే. లేస్తే ఉద్యోగం పోవచ్చు. లేవకపోతే ఆ గోడ మీద నేను ఎప్పటికీ ఒక నంబరునే.

లేచాను. "నేనేనండీ."

నా పక్క సీటు అక్క కూడా లేచింది. నేను గీసినవి సరిచూసి ఓకే నొక్కేది ఆవిడే. "నేనూ చూశానండీ. చూసే వదిలేశాను."

"ఎందుకక్కా?"

"నువ్వా, నేలకి జానెడెత్తున తేలుతున్నావు. నిన్ను కిందికి దించడానికి నాకు చేతులు రాలేదే."

చిత్రకారిణి నవ్వింది. సూపర్‌వైజరు నవ్వలేదు. ఆవిడ మొహం చూసి మమ్మల్ని తీసేయలేదు గానీ, మర్నాటి నుంచి రోడ్ల మీద గుంతలు గుర్తించే పనిలో పడేశాడు.

ప్రదర్శనకి నేను ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకొచ్చాడు మా ఆయన. ఒక చేతికి రెండు మడతలు పడ్డాయి, అయినా ఎంత బాగున్నాడో. బొమ్మల వైపు చూడలేదు. కింద కార్డు మీద ఒకే సైజులో ఉన్న మూడు పేర్లనీ నాలుగుసార్లు చదివాడు.

"అంతా బానే ఉంది," అన్నాడు చివరికి. "ఇంతకీ ఆ ఫొటోల్లో చేతులెవరివి?"

అక్క నన్ను చూసింది, నేను చిత్రకారిణిని చూశాను. ఆవిడకీ తెలియదు. బ్యాగులోంచి పెన్ను తీసి, మా పేర్ల పైన రాసింది: "ముందుగా, మేమెవరమూ పేరడగని మనుషులు."

కార్డు మీద చోటు చాలక చివరి మాట నా పేరు మీదకి ఎక్కింది. ఎక్కితే ఎక్కనీ.