గిన్నెల మీద పేర్లు

పొద్దున ఆరింటికి ధన్య మగ్గం స్విచ్ వేసి, నాలుగు మీటర్ల బ్యాండేజి గుడ్డ దిగేలోపు గిన్నెలు తోమేస్తుంది. బోర్లించేముందు ఒక్కోదాని మీద పేరు చదువుకుంటుంది. అమ్మ వల్లియమ్మాళ్ పోయిన పదహారో నాడు ఆ పేర్లన్నీ మారాయి. దుకాణంలో చుక్కలు చుక్కలుగా కొట్టించిన అక్షరాలు వాటంతటవే చెరిగిపోయి, చాలావాటి మీద 'ధన్య' అనీ, కొన్నిటి మీద అన్న పేరు 'కోదండరామ' అనీ పడ్డాయి. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అవ్వ పోయినప్పుడూ ఇంతే. కోదండరామ పెళ్ళాం మాత్రం తమకి ఇడ్లీ గిన్నె రాలేదని రెండు రోజులు మూతి ముడుచుకుంది.

వీలునామా రాయమని వల్లియమ్మాళ్‌కి చెప్పినవాళ్ళు లేకపోలేదు. "గిన్నెలకి తెలీనిది కాయితానికి ఏం తెలుస్తాది?" అనేది. ఇంటి గోడల మీదా, రెండు మగ్గాల మీదా పేర్లు పడవన్న సంగతి ఆ పిచ్చితల్లికి తట్టలేదు.

సేత్తూరులోని మొగుడితో పొసగక వచ్చేసిన ధన్యకి ఆ ఇల్లూ ఆ మగ్గాలే దిక్కు. ఒకరోజు అన్న కోదండరామ వచ్చి, "అమ్మకి వారసులమని వారిసు సర్టిఫికెట్ తీయాల. నీ ఆధార్ జెరాక్స్ ఇయ్యి పాపా, నేను చూసుకుంటా" అన్నాడు. చిన్నప్పుడు సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళిన అన్న. ఇచ్చేసింది.

విచారణకి ఊరి రెవిన్యూ అధికారి, వి.ఏ.ఓ. అరుళ్ వస్తాడన్న రోజు, కోదండరామ ఆ మాట చెప్పకుండా చెల్లెల్ని నూలు తెమ్మని సత్రపట్టి ఊరికి పంపించాడు. అరుళ్ ఆ ఇంటి వసారాలో కూర్చుని దరఖాస్తు తిరగేశాడు.

"అమ్మకి నువ్వొక్కడివేనా?"

"ఒక్కణ్ణే సార్."

కోదండరామ పెళ్ళాం హడావిడిలో చేతికందిన టంబ్లరులో కాఫీ పోసి తెచ్చింది. అరుళ్ దాని అంచు చూశాడు. "ధన్య ఎవరు?"

"దుకాణంలో తప్పు కొట్టినారు సార్" అన్నాడు కోదండరామ.

అరుళ్ ఒక గుక్క తాగాడు. అక్షరాలు అంచు చుట్టూ ఇంకాస్త సాగాయి. 'ధన్య, వల్లియమ్మాళ్ కూతురు.' ఇంకో గుక్క తాగాడు. 'ఈ ఇంట్లోనే ఉంది.' అరుళ్ కాఫీ పూర్తిచేసి, మూతి తుడుచుకుని, పెన్ను తీశాడు.

అప్పుడే షేర్ ఆటో దిగి నూలు మూటతో ధన్య లోపలికొచ్చింది.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నాడు అరుళ్.

ధన్య కాయితం చూసింది. 'ఇతర వారసులు' అనే చోట 'ఎవరూ లేరు' అని ఉంది. దాన్ని అప్పుడే కొట్టేసి పక్కన తన పేరు రాసి ఉంది. కొట్టేసిన మాటలు అన్న చేతిరాత. తనిచ్చిన జెరాక్స్ ఆ కట్టలో ఎక్కడా లేదు. నమ్మించి గొంతు కోయడానికి కత్తే కావాలా? అయినా సంతకం పెట్టింది.

అరుళ్ వెళ్ళాక కోదండరామ గుర్రుగా చూశాడు. "ముందే చెప్పిపెట్టినావా ఆయనకి?"

"నాకు తెలిస్తే కదా చెప్పేదానికి! నోరు తెరిచి అడిగుంటే, ఇల్లు నీకే రాసిచ్చి ఒక్క మగ్గం చాలనేదాన్ని, అన్నా."

అతను నేల చూపులు చూస్తూ, "సరే పాపా, ఇప్పుడు అడగతా..." అన్నాడు.

"ఇంక ఇయ్యను."

మూట ఎత్తుకుని మగ్గాల గదిలోకి పోయి ధన్య గడియ పెట్టుకుంది. ఏడుపు బయటికి వినపడకుండా రెండు మగ్గాలూ ఒకేసారి ఆన్ చేసింది.