రాణిగారి ఏడుపు

ఇస్త్రీపెట్టె అడుగున తడివేలు ఆనించి చూసింది గొంతక్క. చుర్రుమంది. నల్ల పట్టు అంగీ మీద పాత గుడ్డ పరిచి, దాని మీదుగా నెమ్మదిగా రుద్దసాగింది. పట్టు అనేది పేరుకే, అది చవకరకం సాటిను. దీపాల వెలుగు పడితే చాలు, ముందు వరసవాళ్ళు కూడా మోసపోతారు. ఆ నాటకశాలలో ఏ వస్తువూ అసలు పేరుతో బతకదు. కిరీటం అట్ట, కత్తి చెక్క, విషపాత్రలో ఉండేది పాలు లేని టీ.

గొంతక్క పేరుకి దుస్తుల మనిషి. చిరిగినవి కుట్టాలి, చెమట కంపు కొట్టేవి ఉతికి ఆరెయ్యాలి, ఊడిన గుండీలు వెయ్యాలి. ఇవి కాక ఇంకో పని ఉంది, అది బయటివాళ్ళెవరికీ తెలియదు. మూడో అంకంలో రాణి ఏడ్చే ఏడుపు ఈవిడది.

నాటకంలో రాజుగారికి పెళ్ళాం మీద అనుమానం. పరీక్షించాలని, యుద్ధంలో చచ్చిపోయానని తనే కబురు పంపి, తమ్ముడితో కలిసి స్తంభం చాటున నక్కుతాడు. కబురు విన్న రాణి ప్రేక్షకులకు వీపు పెట్టి కూలబడి, గుండె పగిలేలా ఏడుస్తుంది. "విన్నారా అన్నగారూ, ఎంత శ్రుతిగా ఏడుస్తోందో! నిజం దుఃఖానికి ఇంత గొంతుంటుందా?" అని తమ్ముడు నూరిపోస్తాడు. రాజు నమ్మి రాణిని చంపిస్తాడు. అది నిజం ఏడుపేనని ఆఖరి అంకంలో తెలిసి తలబాదుకుంటాడు. నాటకమంతా ఆ ఒక్క ఏడుపు మీదే నిలబడింది. తీరా రాణి వేసే నటికి అందముంది, నడకలో రాజసముంది, ఏడిస్తే మాత్రం పిల్లికూన అరిచినట్టుంటుంది. అందుకే ఏళ్ళ తరబడి ఆ ఏడుపు పక్కతెర చాటున నిలబడి గొంతక్కే ఏడుస్తోంది. చప్పట్లు రాణికి పోతాయి. పోనీ, గొంతక్కకి ఆ చింత లేదు.

ఎందుకంటే ఆ చీకట్లో పక్కన గుసగుస మాస్టారు నిలబడేవాడు. నటులు మాట మరిచిపోతే మెల్లగా అందించడం ఆయన ఉద్యోగం. చిన్న దీపం కింద పుస్తకం చదువుకుంటూ, ఏడుపు చోటు రాగానే ఎడమచేతి వేలితో ఆవిడ మోచేతిని తాకేవాడు. ఆవిడ ఏడ్చేది. అయ్యాక ఆయన నవ్వు ఆపుకుంటూ, "రాణిగారూ, మంచినీళ్ళు" అని గ్లాసు అందించేవాడు. అంతకు మించి వాళ్ళ మధ్య ఏమీ లేదు. ఆయన పెళ్ళి చేసుకోలేదు, ఈవిడ మొగుడు ఎప్పుడో చెప్పకుండా పోయాడు. ఆట లేని రోజుల్లో గదిలో ఒక్కతే కూర్చుని, ఉండుండి తన మోచేయి తానే తడుముకునేది. వెంటనే సిగ్గేసేది.

కొద్దిరోజులుగా మాస్టారు రావడం లేదు. ఆయాసమట. ఆయన చోట టికెట్లు చింపే మనిషి పుస్తకం పట్టుకుని, ఏడుపు దగ్గర తల ఎగరేస్తున్నాడు. గొంతక్కకి వెళ్ళి చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ ఏమవుతానని వెళ్ళాలి? తలుపు తీసినవాళ్ళు మీరెవరంటే ఏం చెప్పాలి? ఆ ఒక్క జవాబు కుదరక రోజుకో సాకు వెతుక్కుంది. ఇవాళ మాత్రం మధ్యాహ్నం ఆట అవగానే, జవాబు ఉన్నా లేకపోయినా వెళ్ళి తీరాలనుకుంది.

నటి అంగీ తొడుక్కుని వీపు తిప్పింది. గొంతక్క కొక్కేలు పెట్టసాగింది.

"అక్కా, కాస్త వదులు చెయ్యవే, ఊపిరాడట్లేదు. అన్నట్టు నీకు తెలుసా? మన గుసగుస మాస్టారు పొద్దున్న పోయాడట."

"ఎవరన్నారు?"

"మాస్టారి తమ్ముడి కూతురు ఫోన్ చేసిందట. సాయంత్రమే తీసుకెళ్ళిపోతారట. ఆటయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాడు మేనేజరు. నువ్వూ అనకు, పాపం అందరి మూడ్ పాడవుతుంది."

గొంతక్క చివరి కొక్కెం కూడా పెట్టింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

మూడో అంకం వచ్చింది. రాణి వీపు పెట్టి కూలబడింది. టికెట్ల మనిషి తల ఎగరేశాడు. గొంతక్క నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మళ్ళీ తల ఎగరేశాడు. అన్నేళ్ళూ పిలిస్తే పలికిన ఏడుపు ఇవాళ గొంతు దాకా కూడా రాలేదు. రంగస్థలం మీద రాణి భుజాలు బిగుసుకుపోయాయి. చాలాసేపు హాలంతా నిశ్శబ్దం.

స్తంభం చాటున ఉన్న తమ్ముడు వేషగాడు గట్టివాడు, అప్పటికప్పుడు మాట మార్చేశాడు. "చూశారా అన్నగారూ? మీరు పోయారన్నా ఆవిడ నోట ఏడుపు రాలేదు" అన్నాడు.

హాల్లో ఎవరో వెక్కారు. తెర పడ్డాక చప్పట్లు ఆగలేదు.

మేనేజరు లోపలికి పరిగెత్తుకొచ్చాడు. "అబ్బబ్బ, ఒళ్ళు జలదరించిందండీ! ఎవరి ఆలోచన ఇది?"

నటి గొంతక్క వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకుంది. "నాదేనండీ. ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నా."

"ఇకనించి ఇంతే. ఏడుపు తీసేద్దాం."

మామూలు రోజైతే గొంతక్క గుండె గతుక్కుమనేదే. ఇవాళ ఆ మాట ఎవరినో అన్నట్టుంది. "నేను వెళ్ళొస్తానండీ" అంది. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

ఇల్లు వెతకడం కష్టం కాలేదు. సందు చివర జనం నిలబడి ఉన్నారు. గుమ్మంలో కళ్ళు వాచిన అమ్మాయి, తమ్ముడి కూతురే కాబోలు, అడ్డం వచ్చింది.

"మీరెవరండీ? బాబాయికి... మా పెదనాన్నకి ఏమవుతారు?" దుఃఖంలో వరసలు తడబడ్డాయి ఆ పిల్లకి.

గొంతక్క గోడ వారగా చెప్పులు విడిచింది.

"నేనమ్మా... నాటకంలో ఆయన చెయ్యి తగిలితే ఏడ్చేదాన్ని."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. అయినా ఆవిడ ముఖం చూసి పక్కకి తప్పుకుంది. "రండి పిన్నీ, లోపలికి రండి."

మాస్టారు ముఖం ప్రశాంతంగా లేదు, అలసిపోయి ఉంది. గొంతక్క పక్కన కూర్చుంది. అప్పుడొచ్చింది ఏడుపు. సన్నగా, తెగుతూ, శ్రుతి లేకుండా, ఆ గది గుమ్మం దాకా కూడా వినబడనంత చిన్నగా వచ్చింది. ఆవిడ దాన్ని ఆపుకోలేదు.

సాయంత్రం ఆయన్ని తీసుకెళ్ళారు. గొంతక్క అందరితో పాటు నడిచింది, ఎటు నడుస్తోందో చూసుకోకుండా. తిరిగి నాటకశాలకి రాలేదు.

చీకటి పడ్డాక ఆ అమ్మాయి గుమ్మం ఊడ్చింది. వచ్చినవాళ్ళంతా ఎవరి చెప్పులు వాళ్ళు తొడుక్కుపోయారు. గోడ వారగా ఒక జత మిగిలింది: తెర వెనుక అడుగుల చప్పుడు వినబడకుండా, అడుగున మెత్తటి గుడ్డ కుట్టుకున్న చెప్పులు.