బయటి నుంచి తోసిన కంచె

రాజులమ్మ చోడి చేనుకు కంచె కట్టాక లోపల నిలబడి చూసుకోదు. బయటికి వచ్చి, మేకలా వంగి, చుట్టూ తోసుకుంటూ తిరుగుతుంది. వెదురు కదిలిన చోటల్లా మళ్ళీ ముళ్ళు గుచ్చుతుంది. చిన్నప్పుడు ఆమె వెనకాలే తిరిగిన మనవరాలు సోని ఇప్పుడు జి.మాడుగుల దగ్గరి ఊళ్ళ తేనె సంఘానికి వెబ్‌సైట్ రాస్తోంది.

ఏ ఊళ్ళో ఏ తేనె దొరుకుతుందో అందరికీ కనబడాలి. ఏ కొండచరియకు తేనెపట్టు పడుతుందో మాత్రం సంఘం వాళ్ళకే తెలియాలి. ఈ ఏడు ఏ చరియను ముట్టకుండా వదలాలో చూసుకోవడానికి ఆ చోట్లన్నీ సైట్‌లో పెట్టారు. చాలామట్టుకు రాజులమ్మ చెప్పినవే. బయటివాళ్ళకు తెలిస్తే ఒక్క పట్టూ మిగలదని, సోని దగ్గర మాట తీసుకున్నాకే చెప్పింది.

సోని రూబీ అనే భాషలో రాసింది. సైట్‌ను ఏ పేరుతో అడిగితే ఆ పేరున్న మెథడ్, అంటే చిన్న కోడు ముక్క, జవాబిస్తుంది. అది ప్రైవేట్ అయితే నోరు విప్పదు. చోట్లు చెప్పే మెథడ్‌ను ఆమె ‘ప్రైవేట్’ అన్న మాట కిందే రాసింది. విశాఖపట్నంలో ఉండి ఆమె పని చూసే నతానియేల్ కోడంతా చదివి బాగుందన్నాడు. మధ్యాహ్నం సైట్ అందరికీ తెరుద్దామన్నాడు.

సోని ఎదురు చెప్పలేదు. ల్యాప్‌టాప్‌తో అరుగు మీదికి వచ్చి, లాగిన్ లేకుండా, ఎవరో కొత్త మనిషిలా సైట్‌ను అడిగింది. చోట్లన్నీ వరసగా వచ్చేశాయి. మొట్టమొదటిది మామ్మ చెప్పిన చరియే.

సోని కోడు తెరిచింది. రాసినదాన్ని ఒక్కో లైనూ మళ్ళీ చూసింది. ‘ప్రైవేట్’ కింద ఉన్న మిగతా మెథడ్‌లు ఒక్కొక్క తేనెపట్టు రికార్డువి. అవి దాగే ఉన్నాయి. ఇదొక్కటి, ఆ రికార్డులన్నీ తయారయ్యే అచ్చులాంటి క్లాస్‌కు నేరుగా చెందింది. ‘ప్రైవేట్’ అన్న మాట క్లాస్ సొంత మెథడ్‌ను దాచదు, దాచలేదని చెప్పనూ చెప్పదు. దానికి వేరే ఆదేశం రాయాలి.

ఫోన్ చేస్తే నతానియేల్ నమ్మలేదు. “ప్రైవేట్ అని రాసే ఉంది కదమ్మా.”

“రాసే ఉంది సార్. బయటి నుంచి మీరే ఓసారి అడిగి సూడండి.”

అవతల కీబోర్డు చప్పుడు వినబడింది. “నేను రాసిన సైట్‌లోనూ ఇలాగే ఉంది,” అన్నాడు చివరికి. “నువ్వు రాసే లైను నాకూ పంపు సోనీ. సైట్ తెరిచేది నువ్వు చెప్పాకే.”

ఆ లైను రాసి సోని మళ్ళీ అడిగింది. సైట్ చెప్పనంది. ఇంకోలా అడిగింది. అప్పుడూ చెప్పనంది.

రాజులమ్మ వచ్చి పక్కన కూర్చుంది. “ఏటే గుంటా, పొద్దున్నుంచీ అందులో ఏటి సేత్తన్నావు?”

కంచెలో కంత దొరికిందని చెప్పింది సోని.

“ఎవులు కట్టిన కంచె?”

“నేను కట్టిందే మామ్మా.”

“బయటికెల్లి తోసి సూసినావా?”

“ఇప్పుడు కదల్లేదు.”

ముసలామె ముఖం విచ్చుకుంది. చేతులు చీరకు తుడుచుకుని, ఎదురుగా ఉన్న కొండ వైపు గడ్డం ఎత్తింది.

“ఇంకో సోటుంది. మీ తాతకి తప్ప ఎవులికీ సెప్పనేదు. రాసుకో.”