మంగయ్య జీతం

మణెమ్మ చేట ఎగరేస్తోంది గానీ కళ్ళు మిల్లు గుమ్మం మీదే ఉన్నాయి. చెరిగిన బియ్యాన్నే మళ్ళీ చెరుగుతోంది. నూకలు పోయాయి, తవుడు పోయింది, ఇంకేం పోవాలని చెరుగుతోందో ఆమెకే తెలియదు. పొద్దున్నుంచీ ఇదే వరస. లేచి నీళ్ళకుండ దాకా పోతుంది, దాహం లేదని గుర్తొచ్చి తిరిగొస్తుంది. కూర్చుంటుంది, కొంగు దులుపుకుంటుంది, మళ్ళీ లేస్తుంది. సూర్యాపేటలో ఆ మిల్లు పెట్టినప్పటి నుంచీ అదే మూల, అదే గోనెపట్టా మీద కూర్చున్న మనిషికి ఇవాళ అక్కడ కూర్చోబుద్ధి కావడం లేదు.

"ఏందే, కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?" అంది పక్కన చెరుగుతున్న సైదమ్మ.

"ఇయ్యాల అమాస గదనే."

సైదమ్మకు ఆ మాట చాలు. అమావాస్య అంటే మిల్లు యజమాని భిక్షపతి సేటు మణెమ్మకు వడ్డీ ఇచ్చే రోజు.

మణెమ్మ బక్కపలచటి మనిషి. కనుబొమలూ రెప్పవెంట్రుకలూ తవుడు దుమ్ముతో తెల్లబడి, చూసేవాళ్ళకు ముసలిదానిలా కనిపిస్తుంది. సాయంత్రం బావి దగ్గర మొహం కడుక్కుంటే పదేళ్ళు తగ్గిపోతుంది. ఏం లాభం, చూసే దిక్కు లేదు. మాట్లాడితే దగ్గు, నవ్వితే దగ్గు. దవాఖానలో డాక్టరు ఆ దుమ్ములో కూర్చోవద్దన్నాడు. కూర్చోకుండా ఏం తినాలో మాత్రం చెప్పలేదు.

లోకం వడ్డీ అంటుంది గానీ మణెమ్మ అనదు. ఆమె దృష్టిలో అది మంగయ్య జీతం. మంగయ్య ఆమె పెనిమిటి, ఇదే మిల్లులో ఇంజను దగ్గర వడ్లు పోసేవాడు. యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం భుజం మీది తువ్వాల ఇంజను పట్టాకు చిక్కింది. తువ్వాలతో పాటే మనిషీ పోయాడు. దినాల నాడు సేటు నలుగురిలో నిలబడి, "మూడు వందలు నీకని నా దగ్గరుంచుతున్న మణెమ్మా. నూటికి రూపాయి వడ్డీ. నెలనెలా అమాసకు తీసుకో" అన్నాడు. ఆ మూడు వందలు ఎట్లా ఉంటాయో ఆమె చూడలేదు, చూడాలనీ అనుకోలేదు. నెల తిరిగేసరికి మూడు రూపాయలు వచ్చి ఆమె చేటలో పడ్డాయి. సేటు ఎవరికీ చేతికివ్వడు. మంగయ్య కూలి కూడా అట్లాగే పైనుంచి తువ్వాలలో పడేది. ఆ చప్పుడు వినగానే, అప్పటిదాకా ఆగని ఆమె ఏడుపు ఆగింది. మనిషి రాడు, సరే. జీతం వస్తోందిగా. దూరాన ఎక్కడో పనికి పోయాడనుకుంటే పోలా?

ఆ డబ్బుకు నెల జొన్నలొచ్చేవి, ఉప్పూ మిరపకాయా వచ్చేవి, ఒక్కోసారి బెల్లం ముక్క కూడా. "ఈ నెల గూడ తెచ్చిండు" అనుకుంటూ పొయ్యి ముందు కూర్చుని తనలో తను నవ్వుకునేది. పిచ్చిదనుకుంటే అనుకోండి.

ఇప్పుడు ఆ జీతానికి తెగులు పట్టింది. రూపాయి వడ్డీ ముప్పావలా అయింది, ముప్పావలా కాస్తా అర్ధరూపాయి అయింది. ఊళ్ళల్లో సంఘంవాళ్ళు అప్పుపత్రాలు కాలబెట్టారు. తీసుకున్నవాడు కట్టడు, ఉన్నవాడు ఇవ్వడు, సేటు పైకం ఇనప్పెట్టెలో మగ్గుతోంది. "నీ పైసలు బయట తిరిగితెనే నాకు వస్తయి, నాకొస్తెనే నీకిస్త" అని పోయిన నెల ఆయన చెప్తే మణెమ్మ తల ఊపింది. అర్థం కాక కాదు, మనసు ఒప్పుకోవద్దూ? బతికుండగా ఒక్కనాడు నాగా పెట్టని మనిషికి చచ్చాక జీతం కోస్తారా అని ఆమెకు కడుపు మండింది.

"నా మాటిను," అంది సైదమ్మ గొంతు తగ్గించి. "కోదాడల ఒక దుకానమాయన రూపాయిన్నర ఇస్తుండట. సరిహద్దు దాటించి సరుకు తోలుతడు, పైసలకు గిరాకి ఉన్నది. నీవి గాడ పెట్టు. ఈ దుమ్ముల కూసునుడు తప్పుతది, దగ్గు తగ్గుతది."

"ఆయన మునుగుతెనో?"

"గీడ మాత్రం ఏమున్నది? నెలనెల అరిగిపోవుడే గద."

సైదమ్మ మాటలో తప్పులేదు. అందుకే మణెమ్మ రాత్రే ఒక నిశ్చయానికి వచ్చింది. ఇవాళ సేటు పావలాకు దింపితే, "నా అసలు నాకియ్యుండ్రి" అనేయాలి. పొద్దున్నుంచీ ఆ మాటను నోట్లో వల్లె వేస్తోంది. అసలు అన్న దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ దగ్గు అడ్డం పడుతోంది.

మధ్యాహ్నం కాకముందే ఇంజను ఆగిపోయింది. పట్టా రెండు ఊపులు ఊగి వేలాడింది. మిల్లులో అంత నిశ్శబ్దం వింటే మణెమ్మకు భయం వేసింది.

గుమ్మం ముందు బండి కట్టి ఉంది. అందులో బస్తాలు లేవు. ట్రంకుపెట్టెలు, ఇత్తడి బిందెలు, చుట్టిన పరుపు. ముందు భాగంలో సేటు భార్య రుక్మిణమ్మ తల మీద కొంగు కప్పుకుని కూర్చుంది. "అమాసనాడు పయనమా!" అని సైదమ్మ నోరు నొక్కుకుంది. పక్కవీధికి పోవాలన్నా మంచి ఘడియ చూసే ఇల్లు అది.

భిక్షపతి సేటు లోపలికి వచ్చాడు. ఎప్పుడూ మల్లెపువ్వులాంటి ధోవతి కట్టే మనిషి, ఇవాళ గడ్డం మాసి, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నాడు.

"బెజవాడకు పోతున్నం. రజాకార్లు రాత్రి వెనక బజారుల ఇండ్లు దోసిన్రు. మిల్లు ఇగ బందు."

సైదమ్మ కూలి ఆమె చేటలో వేశాడు. తరువాత రెండు చేతులా ఒక గుడ్డమూట తెచ్చి మణెమ్మ చేటలో పెట్టాడు. చేట బరువుకు వంగింది.

"మూడు వందలు. ఈ నెల మూడు రూపాయలు గూడ అండ్లనే ఉన్నయి. పాత వడ్డీ లెక్కనే కట్టిన."

పొద్దున్నుంచీ అడగాలనుకున్నది అడగకుండానే ఒళ్ళోకి వచ్చింది.

"ఇదెందుకు సేటూ? నేను అడగలే గద."

"అడగకున్న ఇయ్యాలె."

"పావలా వడ్డీ ఇయ్యుండ్రి, చాలు. మీకాడనే ఉంచుకోండ్రి."

సేటు తల అడ్డంగా ఊపాడు.

"వడ్డీనే వద్దు. దాసిపెట్టినందుకు నెలకొక అణా నేనే ఇస్త. గా మూటలకెళ్ళే తీసి అమాసకు ఇంత చేటల వెయ్యుండ్రి. జర మీ కాళ్ళు మొక్కుత."

సైదమ్మ తెల్లబోయి చూసింది. కాసేపటి క్రితం వరకూ వడ్డీ అర్ధరూపాయికి దిగిందని కుమిలిన మనిషేనా ఇది?

"గాడ ఎవరి పంచన ఉంటనో నాకే తెల్వదు. దారిల దోసుకుంటే నీ ఉసురు నాకొద్దు," అన్నాడు సేటు. "ముట్టింది అను మణెమ్మా."

ఎంత పైకం తిరిగిచ్చినా, పుచ్చుకున్నవాళ్ళు నలుగురిలో 'ముట్టింది' అంటే తప్ప బాకీ తీరినట్టు కాదు. ఆ మాట వినకుండా భిక్షపతి సేటు బండెక్కడు. మణెమ్మ పెదవులు బిగించుకుంది.

"అనవే తల్లీ," బండిలోంచి రుక్మిణమ్మ ఏడుపు గొంతుతో అంది. "పొద్దు గూకకముందు మునగాల చేరాలె."

మణెమ్మ మూట వంక చూసింది. ఇన్నేళ్ళూ నెలనెలా ఇంటికి జొన్నలు తెచ్చినవాడు ఇంతేనా, ఇంత చిన్న మూటనా? తల తిప్పి ఇంజను వైపు చూసింది. పట్టా కదలడం లేదు.

"ముట్టింది," అంది.

నెమ్మదిగానే అంది గానీ ఇంజను చప్పుడు లేదు కదా, అందరికీ వినిపించింది. సేటు చేతులు జోడించి బండెక్కాడు.

బండి మలుపు తిరిగాక సైదమ్మ ఆమె భుజం తట్టింది. "ఒకందుకు మంచిదే అయింది. రేపు కోదాడకు పోదాం. రూపాయిన్నర వడ్డీనే."

"కోదాడల మా ఆయన ఎన్నడు పనిచేసిండే, గాడికెళ్ళి జీతం వచ్చెటందుకు?"

"మంగయ్య పోయి ఎన్నేండ్లాయెనే పిచ్చిదానా?" అంది సైదమ్మ మెల్లగా.

"లేదే సైదమ్మా. ఇప్పుడే పోయిండు."

అప్పుడెప్పుడో ఆగిపోయిన ఏడుపు ఇప్పుడు వచ్చింది. మణెమ్మ మూటను కొంగులో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించుకుని, ఏడుస్తూనే రోడ్డు మీదికి నడిచింది. వెనక సైదమ్మ నడిచింది. కావలివాడు మిల్లు తలుపులు దగ్గరికి లాగి తాళం వేశాడు.

లోపల గోనెపట్టా మీద ఆమె చేట ఉండిపోయింది. మూట పెట్టిన చోట తవుడు దుమ్ము గుండ్రంగా చెదిరి, అడుగున అరిగిన వెదురు కనిపిస్తోంది.